కాగితం తిన్న వేళ్లు

మూడోసారి కూడా నా వేలిముద్ర పడలేదు.
డులూత్ షెరీఫ్ ఆఫీసులో అమ్మాయి
నా చూపుడువేలిని అద్దం మీద అటూ ఇటూ దొర్లించి
"ఏం పని చేస్తారండీ మీరు?" అంది.
కాగితం మిల్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు.
నేను కాగితం చేస్తూ ఉంటే
అది నన్ను తింటూ వచ్చింది, కొసల నుంచి.
నేరస్థుణ్ణి కానని రుజువు చేసుకోడానికి
చేతులకి వాజలీను పట్టించి, తొడుగులు వేసుకుని
నాలుగు రాత్రులు పడుకున్నాను.

ఇల్లు చూడ్డానికి వచ్చినాయన పేరు ట్వీట్.
కుళాయి కింద థర్మామీటరు పెట్టాడు.
మంటలొస్తే పిల్లాడు దూరగలడా అని కిటికీ కొలిచాడు.
మందులకి తాళం, తుపాకీకి తాళం,
తూటాలకి వేరే తాళం.
తర్వాత వంటింటి బల్ల దగ్గర కూచుని
"చిన్నప్పుడు మిమ్మల్ని ఎలా దండించేవారు?"
"మా నాన్న మాట్లాడేవాడు కాదు" అన్నాను.
అంత చిన్న మాటని
ఆయన చాలాసేపు రాసుకున్నాడు.

ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టి మూలుగుతోంది.
రాత్రి పదకొండున్నరకి ఫోను:
అయిదేళ్లవాడు, ఎమెట్, ఈ ఒక్క రాత్రికే.
(ఆ రాత్రి తొమ్మిది నెలలు తెల్లారలేదు.)
ఒక కాలికి మేజోడు, రెండో కాలికి బ్రెడ్డు సంచి.
కళ్ల మీద పడ్డ జుట్టు వెనకాల
మొహం ఎక్కడుందో తెలియలేదు.
"నీ ఇంట్లో తలుపులు లోపల్నించి తెరుచుకుంటాయా?"
అదీ వాడి మొదటి మాట.
అన్నీ తెరిచి చూపించాను,
ఫ్రిజ్‌తో సహా.

ఆ జుట్టు.
సూపులో పడేది, టూత్‌పేస్టుకి అంటుకునేది.
కత్తిరించే హక్కు నాది కాదు.
తల్లి సంతకం కావాలి.
తల్లి ఎక్కడుందో మిస్ ప్రుయిట్‌కి తెలుసు.
ప్రుయిట్ ఉద్యోగం మానేసింది.
ఆమె చోటికి వచ్చినతనికి ఫైలు అందలేదు.
ఫైలు అందినామె, జుట్టుకి ఫారం వేరే అంది.
వేళ్లు ముందే అరిగిపోయాయి,
ఇక కాళ్లు.
మా చెల్లెలు రాగ్నా ఒక పిన్ను తెచ్చింది,
ప్లాస్టిక్‌ది, పచ్చ కప్ప.
వాడు దానికి జడ్జి అని పేరు పెట్టాడు.
రోజూ పొద్దున్నే మంచం కింద దూరి
"జడ్జిగారేరీ? జడ్జిగారేరీ?" అని ఇద్దరం వెతికేవాళ్లం.

మంగళవారాలు తల్లిని చూసే రోజులు.
డార్లా. ఇరవై మూడేళ్లు కూడా ఉండవు.
అసహ్యించుకోడానికి బాగా సిద్ధపడే వెళ్లాను.
ఆమె పేపరు కప్పులో వేళ్లు ముంచి
తడి చేత్తోనే వాడికి పాపిడి తీసింది,
ఎడమవైపు.
మూడు నెలలుగా నేను కుడివైపు తీస్తున్నాను.
వాడు ఒక్కనాడూ చెప్పలేదు.
మూల కూచున్న పర్యవేక్షకురాలు
గడియారం చూసి ఏదో రాసుకుంది.
ఆ గదిలోకి కత్తెర తేకూడదు.

నవంబరులో కోర్టు వాణ్ణి తల్లి దగ్గరికి పంపింది.
కాగితాల్లో నా పేరు ఆర్విడ్ సోర్లీ కాదు,
'ప్రస్తుత వసతి'.
సంతోషించాలి.
సంతోషించాను, అబద్ధం కాదు,
ఆమె ఎనిమిది నెలలు మందు ముట్టలేదు,
రెండు బస్సులు మారి, మంచులో నడిచి
ఒక్క మంగళవారం తప్పకుండా వచ్చింది.
పోయే రోజు వాడికి పాపిడి ఎడమవైపు తీశాను.
వాడు కప్పని ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు,
"ఇంకోడు వస్తాడుగా, వాడికీ జుట్టుంటుంది."
కారు మలుపు తిరిగాక
డ్రైవ్‌వేలో మంచు లేకపోయినా
చాలాసేపు పారతో గీకాను.

డిసెంబరు రెండో వారం, పోస్టులో,
క్షౌరానికి అనుమతి.
తల్లి సంతకం మే నెలది.
దీపానికి ఎత్తిపట్టి చూశాను, పాత అలవాటు.
మంచి కాగితమే. మా మిల్లుది కాదు.
బల్ల మీద పరిచి,
హీటరు గాలికి ఎగిరిపోకుండా
పైన జడ్జిగారిని కూచోబెట్టాను.